పాత కంప్యూటర్‌లో సంగీత పాఠాల సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే: శ్రుతి, లయ తప్పకుండా సరిచేసుకునే క్రమం

"మా పాప ఐదు శ్రుతిలో సరిగ్గానే పాడుతోంది, కంప్యూటర్ మాత్రం ప్రతి స్వరానికీ ఎర్ర గుర్తు పెడుతోంది." "తాళం ఆగి ఆగి పడుతోంది." "కీబోర్డు మెట్టు నొక్కిన కాసేపటికి గానీ మోగట్లేదు." "పాత సీడీ వేస్తే తెర నల్లగా అయిపోయి అక్కడే ఆగిపోతోంది." విశాఖలో పిల్లలకి సంగీతం నేర్పిస్తున్న తల్లిదండ్రులు, ఇంటి దగ్గర పాఠాలు చెప్పే టీచర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. అందరి ఇంట్లోనూ ఉన్నది ఎనిమిదేళ్లో పదేళ్లో వాడిన కంప్యూటరే.

చాలాసార్లు కొత్తది కొనక్కర్లేదు. కానీ ఒక మాట ముందే చెప్పాలి. ప్రోగ్రామ్ తెరుచుకుంటే పని అయిపోయినట్టు కాదు. శ్రుతి సరిగ్గా ఉండాలి, లయ నిలకడగా ఉండాలి. ఆ రెండూ తేలేదాకా ఆ కంప్యూటర్ ముందు పిల్లల్ని సాధనకి కూర్చోబెట్టకండి. చెవికి ఒకసారి తప్పు అలవాటైతే, దాన్ని మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా విండోస్ 7, 10 ఉన్న కంప్యూటర్ల కోసం.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్. బ్లూటూత్‌ది వద్దు, కారణం 7వ భాగంలో ఉంది.
- ఫోన్‌లో ఒక ట్యూనర్ యాప్. స్వరం పౌనఃపున్యాన్ని హెర్ట్జ్‌లలో చూపించేదై ఉండాలి.
- ఖాళీ పెన్‌డ్రైవ్.
- సాఫ్ట్‌వేర్ సీడీ లేదా ఇన్‌స్టాల్ ఫైలు, దాని లైసెన్స్ నంబరు.
- ఒక నోటు పుస్తకం, పెన్ను.

నోటు పుస్తకం ఎందుకంటే, సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ పాత విలువ, కొత్త విలువ రాసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, వెంటనే పరీక్షించాలి. ఒకేసారి నాలుగు మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. పాడైతే వెనక్కి వెళ్లే దారీ ఉండదు.

తర్వాత కంప్యూటర్ వివరాలు రాసుకోండి. "దిస్ పీసీ" లేదా "కంప్యూటర్" మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే విండోస్ ఏదో, 32 బిట్టా 64 బిట్టా, ర్యామ్ ఎంతో కనిపిస్తాయి. 32 బిట్టా 64 బిట్టా అన్నది పాత సీడీల విషయంలో చాలా ముఖ్యం.

చివరగా, పిల్లలు ఇప్పటిదాకా పూర్తి చేసిన పాఠాల వివరాలు, రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఇవి డాక్యుమెంట్స్‌లో గానీ, ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో గానీ ఉంటాయి. ఈ కాపీ పూర్తయ్యేదాకా దేన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు.

2. లోపం ఎక్కడుందో తేల్చుకోవడం

శబ్దం ప్రోగ్రామ్‌లో పుట్టి, విండోస్‌లోంచి, సౌండ్ డ్రైవర్ (సౌండ్ కార్డుని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్) లోంచి, జాక్ మీదుగా స్పీకర్‌కి వస్తుంది. ఆ దారిలో ఎక్కడ తెగిందో మూడు చిన్న పరీక్షలతో తెలుస్తుంది.

మొదటిది: కంప్యూటర్‌లో ఉన్న ఏదైనా పాట ఫైలు వీఎల్‌సీ లాంటి ప్లేయర్‌లో వేయండి. అది బాగా వినిపిస్తే డ్రైవర్, జాక్, స్పీకర్ బాగున్నట్టే, లోపం సంగీత ప్రోగ్రామ్‌ది. 4, 6 భాగాలు చూడండి.

రెండోది: ఆ పాట కూడా పగిలినట్టు వినిపిస్తే స్పీకర్ తీసి ఇయర్‌ఫోన్ పెట్టండి. అందులో బాగుంటే లోపం స్పీకర్‌దో, దాని వైరుదో.

మూడోది: విండోస్‌లో ఉండే వాయిస్ రికార్డర్‌తో (విండోస్ 7లో సౌండ్ రికార్డర్) పది సెకన్లు "స" పట్టి రికార్డు చేసి వినండి. అది బాగుండి, సంగీత ప్రోగ్రామ్‌కి మాత్రం వినపడకపోతే 8వ భాగంలోకి వెళ్లండి.

ఈ మూడూ చేయకుండా విండోస్ మొత్తం మళ్లీ వేయించుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ తొందర పడకండి. దాంతో పిల్లల పాఠాల వివరాలు, కొన్నిసార్లు లైసెన్స్ కూడా పోతాయి.

3. ఉప్పు గాలి, ధూళి, వేడి

మన ఊళ్లో కంప్యూటర్ తెరిచి చూడకుండా సాఫ్ట్‌వేర్‌ని తప్పు పట్టకూడదు. పెదవాల్తేరు, లాసన్స్‌బే కాలనీ లాంటి సముద్రం పక్క ఇళ్లల్లో జాక్‌ల లోపలి లోహం మీద ఉప్పు తేమ పేరుకుంటుంది. పోర్టుకి దగ్గరగా ఉండే పాతనగరం ఇళ్లల్లో నల్లటి ధూళి ఫ్యాన్లకి పట్టేస్తుంది. మొదటిదాని వల్ల ఒక చెవిలో మాత్రమే శబ్దం రావడం, కదిపితే గరగరలాడటం జరుగుతాయి. రెండోదాని వల్ల ప్రాసెసర్ వేడెక్కి, తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. పావుగంట బాగా నడిచి ఆ తర్వాత తాళం తడబడుతోందంటే ముందు వేడినే అనుమానించండి.

చేయాల్సింది ఇదీ:

- కరెంటు తీగ పీకేయండి. ల్యాప్‌టాప్ అయితే, వీలున్నచోట బ్యాటరీ కూడా తీయండి.
- సీపీయూ డబ్బా పక్క రేకు తీసి, మెత్తని బ్రష్‌తో ఫ్యాన్ రెక్కల ధూళి దులపండి. రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.
- ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి.
- ఇయర్‌ఫోన్ పిన్నుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా రాసి, జాక్‌లో నాలుగైదు సార్లు పెట్టి తీయండి. నీళ్లు, కొబ్బరినూనె, సెంటు వాడొద్దు.
- బాగా ఆరాకే కరెంటు ఇవ్వండి.

కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్లిపోతోందా? మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. చిన్న విషయమే కానీ, తేదీ తప్పుంటే ఆన్‌లైన్ పాఠాల సైట్లు తెరుచుకోవు, లైసెన్స్ సరిచూడటమూ విఫలమవుతుంది. ఆ బ్యాటరీ వాచీల షాపులో కూడా దొరుకుతుంది.

4. ప్రోగ్రామ్ అసలు తెరుచుకోకపోతే

ఈ క్రమంలోనే వెళ్లండి.

మొదట: ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" నొక్కండి. పాత ప్రోగ్రామ్‌లు తమ ఫోల్డర్‌లోనే మార్కులు, పాఠాల వివరాలు రాసుకుంటాయి. విండోస్ విస్టా నుంచీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో అలా రాయడానికి అనుమతి కావాలి. దీంతో తెరుచుకుంటే, ప్రోగ్రామ్‌ని సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ బయట ఒక కొత్త ఫోల్డర్ చేసి అందులో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. అదే శాశ్వత పరిష్కారం.

తర్వాత: ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరిచి, ప్రోగ్రామ్ ఏ కాలందో ఆ విండోస్‌ని ఎంచుకోండి. సాధారణంగా "విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3" పనిచేస్తుంది. తెర నల్లబడుతున్నా, రంగులు పిచ్చిగా వస్తున్నా "రెడ్యూస్డ్ కలర్ మోడ్", "640 × 480" పెట్టి చూడండి.

ఇంకా తెరుచుకోకపోతే తెర మీద వచ్చిన సందేశం పూర్తిగా చదవండి. ఏదో డీఎల్‌ఎల్ ఫైలు (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన సహాయక ఫైలు) లేదంటే, ఆ ఒక్క ఫైలు కోసం వెతికి ఊరూపేరూ లేని సైట్ల నుంచి దింపుకోవద్దు, వైరస్‌లు వచ్చే దారి అదే. ఎక్కువగా లేనివి మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే తీసుకోండి. విండోస్ 64 బిట్‌దైనా, పాత ప్రోగ్రామ్‌కి 32 బిట్ ప్యాకేజీయే కావాలి. డాట్‌నెట్ 3.5 అడిగితే కంట్రోల్ ప్యానెల్‌లో "టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్" దగ్గర దాన్ని ఆన్ చేయొచ్చు.

కొన్నిటికి మాత్రం ఈ దారులన్నీ మూసుకున్నట్టే. 16 బిట్ కాలం నాటి ప్రోగ్రామ్‌లు 64 బిట్ విండోస్‌లో నడవవు. ఫ్లాష్ మీద తయారైన పాఠాలు బ్రౌజర్లలో తెరుచుకోవు, ఎందుకంటే అడోబ్ ఫ్లాష్‌కి మద్దతు 2020 డిసెంబరు 31తో ఆపేసింది. కాపీ రక్షణ కోసం సేఫ్‌డిస్క్ వాడిన సీడీలు విండోస్ 10లో పనిచేయవు. వీటికోసం వర్చువల్‌బాక్స్ అనే, కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రామ్‌లో పాత విండోస్ నడిపించొచ్చు కానీ, అందులో శబ్దం ఆలస్యంగా వస్తుంది. పాఠం వినడానికి అది చాలు, కలిసి వాయించడానికి పనికిరాదు.

ఇక మన తెలుగు సీడీలకే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. పాఠం తెరుచుకుంటుంది, స్వరాలూ వినిపిస్తాయి, కానీ సాహిత్యం, స్వరలిపి ఉండాల్సినచోట అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా కనిపించే యూనికోడ్ తెలుగు వాడకం రాకముందు "అను" అనే పేరుగల ఫాంట్ల లాంటివాటితో తయారుచేసినవి ఇలా అవుతాయి. సీడీలో ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. ఉంటే అందులోని ప్రతి ఫైలు మీదా రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కి, కంప్యూటర్ ఆపి మళ్లీ తెరవండి. స్వరం పైన, కింద ఉండే స్థాయి చుక్కలు సరిగ్గా వచ్చాయో లేదో అచ్చు పుస్తకంతో పోల్చండి. చుక్క కనిపించకపోతే తార స్థాయి షడ్జం, మధ్య స్థాయి షడ్జం ఒకేలా ఉంటాయి.

5. శబ్దమే రాకపోతే

గడియారం పక్కన స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి సౌండ్స్, అందులో ప్లేబ్యాక్ ట్యాబ్ తెరవండి. మీరు వింటున్న పరికరానికి పచ్చ గుర్తు ఉందా చూడండి. తెరకి హెచ్‌డీఎంఐ తీగ పెట్టినప్పుడు విండోస్ శబ్దాన్ని అటు పంపేసి ఊరుకుంటుంది. స్పీకర్‌ని ఎంచుకుని "సెట్ డిఫాల్ట్" నొక్కి, సంగీత ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి. చాలా పాత ప్రోగ్రామ్‌లు తెరిచిన క్షణంలో ఏ పరికరం ఉందో దానికే అతుక్కుంటాయి.

వాల్యూమ్ మిక్సర్‌లో ఆ ప్రోగ్రామ్ గీత కిందికి దిగిపోయి ఉందేమో కూడా చూడండి.

జాక్ పూర్తిగా పాడైతే సౌండ్ కార్డు మార్పించనక్కర్లేదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండ్ అడాప్టర్ ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు కంప్యూటర్ షాపుల్లో అడగండి. మామూలు రకాలు విండోస్ 7లో కూడా వేరే డ్రైవర్ లేకుండా పనిచేస్తాయి.

6. శ్రుతి తప్పుగా వినిపిస్తే

ఇక్కడ తొందర పనికిరాదు. ప్రోగ్రామ్‌లో తంబూరా లేదా షడ్జం మోగించి, ఫోన్‌లో ట్యూనర్ పట్టుకుని హెర్ట్జ్ ఎంతో చదవండి. ఏ 440 ప్రమాణంలో, అంటే "ఏ" స్వరాన్ని 440 హెర్ట్జ్‌గా తీసుకునే లెక్కలో, ఉండాల్సిన విలువలు ఇవి:

- ఒకటి (సి): 130.8
- ఒకటిన్నర (సి షార్ప్): 138.6
- రెండు (డి): 146.8
- ఐదు (జి): 196.0
- ఐదున్నర (జి షార్ప్): 207.7
- ఆరు (ఏ): 220.0

దీనికి సరిగ్గా రెట్టింపో, సగమో వచ్చినా తప్పు లేదు. అది స్థాయి తేడా మాత్రమే.

తేడా చిన్నదైతే, అంటే 196 బదులు 192 నుంచి 194 మధ్య వస్తే, ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో ఆధార శ్రుతి 440 కాకుండా 432 లాంటిదేదో పెట్టి ఉండొచ్చు. 440కి మార్చండి.

తేడా పెద్దదైతే, అంటే ఐదు శ్రుతి పెట్టినా ట్యూనర్ సుమారు 213 చూపిస్తుంటే, అది ఐదున్నరకీ ఆరుకీ మధ్య ఎటూకాని చోటు. దీని కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. సెకనుకి 44,100 నమూనాలతో రికార్డైన శబ్దాన్ని సౌండ్ కార్డు 48,000 వేగంతో వాయించేస్తోంది. రెండు సంఖ్యల నిష్పత్తి 1.088. శ్రుతి సుమారు ఒకటిన్నర అర్ధస్వరాలు పైకి జరుగుతుంది, లయ కూడా అంతే వేగం పెరుగుతుంది. తిరగబడి జరిగితే 196 కాస్తా 180కి దిగుతుంది. మామూలుగా విండోస్ ఈ తేడాని తనే సర్దుతుంది. ప్రోగ్రామ్ సౌండ్ కార్డుని నేరుగా పట్టుకున్నప్పుడు, డ్రైవర్ సరిగ్గా లేనప్పుడు ఇలా బయటపడుతుంది.

సరిచేసే క్రమం:

- సౌండ్స్‌లో ప్లేబ్యాక్, మీ స్పీకర్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్.
- డిఫాల్ట్ ఫార్మాట్ దగ్గర "16 బిట్, 44100 హెర్ట్జ్, సీడీ క్వాలిటీ" ఎంచుకోండి.
- రికార్డింగ్ ట్యాబ్‌లో మైక్‌కి కూడా అదే 44100 పెట్టండి.
- ప్రోగ్రామ్ సొంత ఆడియో సెట్టింగ్స్‌లోనూ అదే ఉండాలి. మూడు చోట్లా ఒకే సంఖ్య.
- ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్‌లో "డిజేబుల్ ఆల్" టిక్ పెట్టండి. హాలులో పాడినట్టు, బేస్ పెంచినట్టు వినిపించే హంగులు తంబూరా నాదాన్ని మసకబారుస్తాయి.

మళ్లీ ట్యూనర్‌తో కొలిచి, నోటు పుస్తకంలో రాయండి. అరగంట తర్వాత ఇంకోసారి కొలవండి. అప్పుడూ అదే వస్తే శ్రుతి కుదిరింది.

7. ఆలస్యం, తాళం తడబాటు

ఆలస్యం వేరు, తడబాటు వేరు. నొక్కిన ప్రతిసారీ ఒకే వ్యవధి తర్వాత మోగితే ఆలస్యం. ఒక్కోసారి ఒక్కోలా వస్తే, మధ్యలో టపటపమంటే తడబాటు.

ముందు ఆలస్యం. నిమిషానికి 60 అక్షరాల వేగంలో సరళీ స్వరాలు మూడో కాలం పాడితే అక్షరానికి నాలుగు స్వరాలు, అంటే ఒక్కో స్వరానికి 250 మిల్లీసెకన్లు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం ఉండటం మామూలే. దాదాపు ఒక స్వరం వెనకబడినట్టు. ఎంత ఖరీదైనదైనా సరే, సాధనకి బ్లూటూత్ వాడకండి.

తర్వాత ప్రోగ్రామ్ ఆడియో సెట్టింగ్స్‌లో బఫర్ (శబ్దాన్ని వాయించేముందు ఒక్కోసారి పోగుచేసే నమూనాల సంఖ్య) అనే మాట వెతకండి. 44,100 వేగంలో 256 అంటే సుమారు 6 మిల్లీసెకన్లు, 512 అంటే 12, 1024 అంటే 23. బఫర్ తగ్గిస్తే ఆలస్యం తగ్గుతుంది, కానీ పాత ప్రాసెసర్ అందుకోలేక శబ్దం పగులుతుంది. 1024తో మొదలుపెట్టి, 512, 256 అని దిగుతూ రండి. పగలడం మొదలైన చోటు నుంచి ఒక మెట్టు వెనక్కి వచ్చి ఆగండి. పాత కంప్యూటర్‌లో 512 దొరికితే తృప్తి పడొచ్చు. ఎక్కువమంది ఇళ్లల్లో అక్కడే ఆగుతుంది, సాధనకి అది సరిపోతుంది.

కీబోర్డు వాయించే పిల్లలకి ఇంకో కారణం ఉంటుంది. ప్రోగ్రామ్‌లో శబ్దం ఇచ్చే పరికరంగా "మైక్రోసాఫ్ట్ జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్" ఉంటే ఎంత సర్దినా ఆలస్యం పోదు. దాని తీరే అంత. ప్రోగ్రామ్‌కి సొంత వాద్య శబ్దాలు ఉంటే వాటికి మార్చండి. డ్రైవర్ల జాబితాలో ఏఎస్‌ఐఓ (ఆలస్యం తక్కువ ఉండే సౌండ్ డ్రైవర్ రకం) కనిపిస్తే అది ఎంచుకోండి. లేకపోతే ఉచితంగా దొరికే ఏఎస్‌ఐఓ ఫర్ ఆల్ వేసి చూడండి.

ఇక తడబాటు. ఈ జాబితా పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా:

- పవర్ ఆప్షన్స్‌లో "హై పెర్ఫార్మెన్స్" ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టి ఉంచండి.
- పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి.
- సాధన సమయంలో వైఫై ఆపండి. పాత వైఫై డ్రైవర్లు శబ్దాన్ని క్షణకాలం ఆపేయడం చాలా ఎక్కువ.
- టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వంద శాతం దగ్గరే ఉందేమో చూడండి. విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్ సాధన వేళలో నడవకుండా సమయం మార్చండి.
- బ్రౌజర్ పూర్తిగా మూసేయండి.

ఇంకా తగ్గకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ పది నిమిషాలు నడపండి. ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది. ఆ డ్రైవర్‌ని కంప్యూటర్ తయారుచేసిన సంస్థ సైట్ నుంచే మార్చండి. "అన్ని డ్రైవర్లూ ఒక్క నొక్కుతో" అనే ప్రోగ్రామ్‌లు పాత కంప్యూటర్లకి మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తాయి.

8. పాడినా వినపడకపోతే, సరిగ్గా పాడినా తప్పంటే

విండోస్ 10లో ముందు చూడాల్సింది ప్రైవసీ సెట్టింగ్స్‌లోని మైక్రోఫోన్. అక్కడ "డెస్క్‌టాప్ యాప్స్" అనుమతి ఆపి ఉంటే ప్రోగ్రామ్‌కి నిశ్శబ్దమే వినిపిస్తుంది, ఏ హెచ్చరికా రాదు.

జాక్ విషయం కూడా గమనించండి. ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్నుకి మూడు నల్ల గీతలు ఉంటాయి, మైక్ కూడా అందులోనే. పాత డెస్క్‌టాప్ గులాబీ రంగు జాక్‌కి దాన్ని నేరుగా పెడితే మైక్ పనిచేయదు. రెండుగా చీల్చే చిన్న తీగ కావాలి.

గొంతు చిన్నగా వినిపిస్తే రికార్డింగ్ ట్యాబ్‌లో మైక్ ప్రాపర్టీస్, లెవెల్స్ తెరవండి. మైక్రోఫోన్ బూస్ట్ 10 డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి. 30కి పెడితే సీలింగ్ ఫ్యాను మోత కూడా స్వరంగా లెక్కలోకి వస్తుంది. ఎడతెగని "హమ్" వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. ఆగిపోతే ప్లగ్గుకి ఎర్త్ సరిగ్గా లేకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, ఇది సంగీతానికే కాదు, ప్రాణానికీ సంబంధించింది.

మైక్ తెరవగానే తంబూరా శబ్దం పడిపోతోందా? సౌండ్స్‌లో కమ్యూనికేషన్స్ ట్యాబ్ తెరిచి "డూ నథింగ్" ఎంచుకోండి. ఫోన్ మాట్లాడుతున్నారనుకుని విండోస్ మిగతా శబ్దాలన్నీ 80 శాతం తగ్గిస్తుంది.

ఇప్పుడు ఎక్కువ మందిని బాధపెట్టే విషయం, ఎర్ర గుర్తులు. సరిగ్గా పాడిన పిల్లకి కూడా ప్రోగ్రామ్ తప్పని చూపించడానికి నాలుగు కారణాలు ఉంటాయి.

ఒకటి, స్పీకర్‌లో మోగే తంబూరా మైక్‌లోకి వచ్చేస్తుంది. ప్రోగ్రామ్ పిల్ల గొంతు బదులు తంబూరా పంచమాన్ని కొలుస్తుంది. తంబూరా ఇయర్‌ఫోన్‌లో వినాలి, అదీ ఒక చెవికే. రెండో చెవి తన గొంతు వినడానికి వదిలేయాలి.

రెండు, స్థాయి పొరపాటు. చిన్న ల్యాప్‌టాప్ మైక్‌లు కింది నాదాన్ని సరిగ్గా పట్టవు. మంద్ర స్థాయిలో పాడితే ప్రోగ్రామ్ మధ్య స్థాయి అని రాసేస్తుంది. విడిగా యూఎస్‌బీ మైక్ పెట్టి, నోటికి జానెడు దూరంలో ఉంచితే చాలావరకు పోతుంది.

మూడు, స్వరస్థానాల లెక్క. ఎక్కువ ప్రోగ్రామ్‌లు పియానో లాగా స్థాయిని 12 సమాన భాగాలు చేసి కొలుస్తాయి. మాయామాళవగౌళలో అంతర గాంధారాన్ని తంబూరాతో కలిపి పాడినప్పుడు గొంతు 5/4 నిష్పత్తి దగ్గర నిలుస్తుంది. అది సమాన విభజన లెక్కకన్నా సుమారు 14 సెంట్లు తక్కువ. అర్ధస్వరానికి 100 సెంట్లు. తంబూరాతో కలిసిన గాంధారాన్ని యంత్రం "తక్కువ" అంటుంది. సెట్టింగ్స్‌లో టాలరెన్స్ (ఎంత తేడా దాకా ఒప్పుకోవాలో చెప్పేది) ఉంటే 20 నుంచి 25 సెంట్లు పెట్టండి. నేచురల్ లేదా జస్ట్ ట్యూనింగ్ ఉంటే అదే ఎంచుకోండి.

నాలుగు, గమకం. తోడి గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదు, ఊగేదే. నిలకడ స్వరాల కోసం తయారైన ప్రోగ్రామ్‌కి ఆ ఊపు తప్పులా కనిపిస్తుంది. ఏ సెట్టింగ్ మార్చినా ఇది పోదు. అందుకే నా గట్టి సలహా: మార్కులిచ్చే సౌకర్యాన్ని సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాల దాకానే వాడండి. గీతాలు, వర్ణాలు మొదలయ్యాక మార్కులు ఆపేసి, రికార్డు చేసి గురువుగారికి వినిపించండి. గురువుగారు బాగుందన్నదాన్ని తెర తప్పంటే, గురువుగారి మాటే నిలవాలి. పిల్లలకి ఆ సంగతి ముందే చెప్పి కూర్చోబెట్టండి.

9. కీబోర్డు కలపడం

చాలా కీబోర్డుల వెనక "యూఎస్‌బీ టు హోస్ట్" అని చదరంగా ఉండే రంధ్రం ఉంటుంది. ప్రింటర్‌కి వాడే తీగే దానికి సరిపోతుంది. "యూఎస్‌బీ టు డివైస్" అని ఉన్నది పెన్‌డ్రైవ్ కోసం, కంప్యూటర్‌కి కాదు.

- తీగని సీపీయూ వెనక యూఎస్‌బీకి నేరుగా పెట్టండి, హబ్ వద్దు.
- కీబోర్డు ముందు ఆన్ చేసి, తర్వాత ప్రోగ్రామ్ తెరవండి.
- ఒకసారికి ఒక్క సంగీత ప్రోగ్రామ్ మాత్రమే తెరిచి ఉంచండి. మామూలు మిడి (ఏ మెట్టు నొక్కారో కంప్యూటర్‌కి చెప్పే పద్ధతి) డ్రైవర్లు ఒకేసారి రెండు ప్రోగ్రామ్‌లకి పని చేయవు, రెండోదానికి కీబోర్డు కనిపించదు.
- ప్రతి మెట్టూ రెండుసార్లు మోగుతుంటే కీబోర్డులో లోకల్ కంట్రోల్ (మెట్టు నొక్కగానే కీబోర్డు తానే మోగే అమరిక) ఆఫ్ చేయండి.

గుండ్రటి ఐదు పిన్నుల మిడి తీగ అయితే, తీగ మీద "ఇన్" అని రాసినది కీబోర్డు "అవుట్"లోకి వెళ్లాలి. ఏమీ పనిచేయకపోతే రెండూ తిప్పి పెట్టి చూడండి. కొన్ని తీగల మీద రాత తిరగబడి ఉంటుంది.

10. ఆన్‌లైన్ పాఠాలు

విండోస్ 7, 8.1లకి క్రోమ్ 109తో ఆగిపోయింది. కొత్త సైట్లు తెరుచుకోకపోతే ఆ కంప్యూటర్‌కి ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్ 115 వేసి చూడండి.

వీడియో ఆగి ఆగి వస్తుంటే నాణ్యత 480కి తగ్గించండి. పాఠంలో చేతివేళ్లు కనిపిస్తే చాలు, శబ్దం ఆగకూడదు.

జూమ్‌లో గురువుగారికి మీ తంబూరా వినిపించకపోతే కారణం నాయిస్ సప్రెషన్. ఒకే తీరుగా మోగే నాదాన్ని అది ఫ్యాను మోతలా భావించి తీసేస్తుంది. జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" ఆన్ చేసి, క్లాసు మొదలయ్యాక తెర పైభాగంలో కూడా అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇది పెట్టినప్పుడు ఇయర్‌ఫోన్ తప్పనిసరి, లేకపోతే ప్రతిధ్వని వస్తుంది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: ఇద్దరూ ఒకేసారి కలిసి పాడటం జూమ్‌లో కుదరదు. గురువుగారు పాడాక పిల్ల పాడాలి, ఆ సమయంలో గురువుగారు మ్యూట్‌లో ఉండాలి.

11. డబ్బు పెట్టాలంటే దేనికి ముందు

ఇంత చేసినా నెమ్మదిగానే ఉంటే, పాత హార్డ్ డిస్క్ తీసి, దానికన్నా చాలా వేగంగా పనిచేసే సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత కంప్యూటర్‌లో కళ్లకి కనిపించే మార్పు తెచ్చేది అదే. ర్యామ్ 2 జీబీ ఉంటే 4 లేదా 8 చేయించండి. ర్యామ్ కొనేముందు ఉన్నదాన్ని షాపుకి పట్టుకెళ్లండి, రకం తప్పితే స్లాట్‌లో పట్టదు. పాత డిస్క్‌ని షాపులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. లైసెన్స్ వివరాలు, పిల్లల రికార్డింగులు అందులోనే ఉన్నాయి.

విండోస్ 7కి మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిశాయి. సీడీ పాఠాల కోసమే ఉన్న కంప్యూటర్ అయితే ఇంటర్నెట్ తీసేసి వాడుకోండి, ఏళ్లతరబడి నడుస్తుంది. బ్యాంకు పనులు మాత్రం దానిమీద చేయొద్దు. ఆన్‌లైన్ పాఠాలే ముఖ్యమైతే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోవచ్చు. కానీ విండోస్ కోసం తయారైన సంగీత ప్రోగ్రామ్‌లు అందులో అన్నీ నడవవు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపించి, మీ మైక్, కీబోర్డు కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాకే ఇన్‌స్టాల్ చేయించండి.

పనిచేసే స్థితికి వచ్చిన రోజే సీడీకి ఐఎస్‌ఓ ఫైలు (సీడీ మొత్తాన్నీ ఒకే ఫైలుగా చేసిన నకలు) చేసి పెన్‌డ్రైవ్‌లో దాచండి. దాంతోపాటు డ్రైవర్లు, ఫాంట్లు, లైసెన్స్ నంబరు, నోటు పుస్తకంలో రాసిన సెట్టింగుల ఫోటో కూడా అందులోనే వేయండి. ఐఎస్‌ఓ ఫైలు విండోస్ 10లో రెండుసార్లు నొక్కితే సీడీలా తెరుచుకుంటుంది, విండోస్ 7లో మాత్రం దానికి వేరే ప్రోగ్రామ్ కావాలి. ఆ ప్రోగ్రామ్ కూడా అదే పెన్‌డ్రైవ్‌లో ఉంచండి.